మంగళవారం ఫైళ్ళు

ఆ రోజుల్లో కంప్యూటర్ వచ్చని చెప్పుకోవడానికి కంప్యూటర్ రావలసిన పనిలేదు. ఎదుటివాళ్ళకి మనకన్నా తక్కువ వస్తే చాలు. రేపల్లెలో ఆర్నెల్లు డిప్లొమా చేసి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప మరేమీ చూడని నేను తొంభైల చివర్లో మద్రాసుకి ఉద్యోగానికి వెళ్ళాను (ఊరి పేరు అప్పటికే చెన్నై అయింది గానీ, మా రేపల్లెలో ఆ మార్పుని ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు). "కొత్త విండోస్ తెలుసా?" అని అడిగారు. "బాగా తెలుసండీ" అన్నాను. అడిగినాయనకి అసలే తెలీదు కాబట్టి ఆ అబద్ధం ఆ పూటకి నిలబడింది.

ఆఫీసు మైలాపూరులో ఒక పాత ఇంటి మేడ మీద ఉండేది. కుక్కరు కొన్నా మిక్సీ కొన్నా పెట్టెలో మడతలు పెట్టిన కాగితం ఒకటి వస్తుంది చూడండి, ఎవరూ చదవకుండా అలమరాలో పరిచేసుకునేది, దాన్ని ఇంగ్లీషులోంచి మన భాషల్లోకి మార్చే ఆఫీసన్నమాట. యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన కింద ముగ్గురు అనువాదకులు. తమిళం చూసే ఆవిడ కుక్కరు మామి. ఇరవై రకాల కుక్కర్ల కాగితాలు రాసిన మనిషి, ఇంట్లో మాత్రం ఇత్తడి గిన్నెలోనే అన్నం వండేది. కన్నడం చూసేది హోసూరు మేష్టారు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరై, మందుల కాగితాల్లో పడ్డాడు. ఇక తెలుగు చూసే అక్క. జార్జి టౌన్‌లో ముత్తాతల నాటినుంచీ ఉంటున్న తెలుగువాళ్ళమ్మాయి, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దది. ఆవిడ "ఈడ", "ఆడ", "ఉండాది" అంటుంటే మొదటిరోజు నేను నవ్వాను. నా "అండీ"లు విని ఆవిడ నాకంటే ఎక్కువ నవ్వింది.

నన్ను మాత్రం వెనకాల అద్దాల గదిలో కూర్చోబెట్టారు. మొత్తం ఆఫీసులో ఏసీ ఉన్నది ఆ గదికే. ఆ చల్లదనం నా కోసం కాదు, అందులో పెట్టిన పెద్ద కంప్యూటర్ కోసం. చెప్పులు బయట విడిచి రావాలి, తలుపు వేసే ఉంచాలి. అద్దంలోంచి అందరూ మాట్లాడుకోవడం, తలలు వెనక్కి వేసి నవ్వుకోవడం కనిపించేది. వినిపించేది కాదు. సాయంత్రం గదికి వెళ్తే అక్కడా ఇంతే. డాబా మీద ఒంటి గది. కింద ఇంటివాళ్ళకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు, కనపడితే ఇద్దరం తలలూపుకునేవాళ్ళం. ఆదివారాలు కొత్తగా వచ్చిన, ఊరి మీదుగా వంతెనపై నడిచే రైలెక్కి ఆ చివర దాకా వెళ్ళి, దిగకుండానే ఈ చివరకి వచ్చేసేవాణ్ణి. శనివారం సాయంత్రం మూసిన నోరు సోమవారం ఉదయం తెరిస్తే మొదటి మాట బొంగురుగా వచ్చేది. ఆఫీసు మెట్లెక్కుతూ ఎవరూ లేకుండా చూసి రెండుసార్లు దగ్గి, "నమస్కారమండీ, నమస్కారమండీ" అని సరిచేసుకునేవాణ్ణి.

చేరిన వారానికి బల్లకొకటి చొప్పున కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాత కంప్యూటర్లోని ఫైళ్ళన్నీ వాటిల్లో వేసే పని నాది. అక్కడే నా బతుకు బయటపడింది. పాత పద్ధతిలో ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క, ఆ తర్వాత మూడక్షరాల తోక. ఆ తోక ఏదైనా పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారట, వీళ్ళు ముగ్గురూ మనసారా పెట్టుకున్నారు. మామి అన్ని ఫైళ్ళకీ అమ్మవారి పేరు తగిలించింది. మేష్టారు దిద్దినవాటికి ఓకే అని వచ్చేలా ఒక తోక, దిద్దనివాటికి నాట్ ఓకే అని వచ్చేలా ఇంకో తోక పెట్టాడు. అక్క ఏ రోజు పని చేస్తే ఆ వారం పేరు పెట్టింది, సోమవారం నుంచి శనివారం దాకా ఆరు తోకలు. కొత్త విండోస్‌కి తోకే ప్రాణం. ఏ తోకని ఏ ప్రోగ్రాంతో తెరవాలో మనం ఒకసారి చెప్పి పెట్టాలి, చెప్పకపోతే తెరవదు. ఈ సంగతి నాకు తెలీదు.

మామి ఫైలు మీద రెండుసార్లు నొక్కగానే ఒక కిటికీ వచ్చింది: దీన్ని ఏ ప్రోగ్రాంతో తెరవమంటారు? కింద పెద్ద జాబితా. నా వెనక పెద్దాయన, మామి, మేష్టారు, అక్క నిలబడి చూస్తున్నారు. ఆలోచిస్తే తెలీదని తెలిసిపోతుంది కాబట్టి ఆలోచించకుండా జాబితాలో పైనున్నదాన్ని నొక్కాను. ఇకమీదట ఎప్పుడూ ఇలాగే తెరవాలా అన్న చోట టిక్కు ఉంటే దాన్నీ ఉంచేశాను. తీరా అది పాటల సీడీలు వినిపించే ప్రోగ్రాం. కుక్కరు కాగితం తెరవబోతే "పాటల డిస్కు పెట్టండి" అంది. ఇంకో ఫైలు నొక్కాను, అదీ పాటలే అడిగింది. అమ్మవారి తోకున్న ఫైళ్ళు రెండు వందల పైచిలుకు, అన్నిటికీ చిటికెలో సీడీ బొమ్మ వచ్చేసింది. మామి చాలాసేపు చూసి, "ఎన్న తంబీ, కుక్కర్ పాట్టు కేక్కుదా?" అంది, కుక్కరు పాటలడుగుతోందా అని. అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ ఊళ్ళో నా చుట్టూ నలుగురు నిలబడి నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత మూడు వారాలూ నాకు పండగ. రోజూ ఎవరో ఒకరు అద్దం మీద తట్టేవారు. నేను వెళ్ళి వాళ్ళ బల్ల పక్క స్టూలు మీద కూర్చునేవాణ్ణి. మామి ఫ్లాస్కులోంచి కాఫీ పోసేది. మేష్టారు నా ఇంగ్లీషు దిద్దేవాడు. ఆఫీసుకి దగ్గర్లో లజ్ అనే కూడలిలో పేవ్‌మెంట్ మీద కొన్న లావుపాటి పాత పుస్తకం చదివి నేనూ పని నేర్చుకున్నాను. పైన ఒక మెనూ, అందులో ఆప్షన్స్, అందులో ఫైల్ టైప్స్ అని ఒక జాబితా. అక్కడ కొత్త తోక చేర్చి, దానికో ప్రోగ్రాం అప్పజెప్పాలి. అంతే విద్య. ఒక శనివారం కూర్చుని అన్ని తోకలూ అన్ని మిషన్లలో కట్టేశాను. నొక్కితే చాలు, ప్రతి ఫైలూ బుద్ధిగా తెరుచుకుంటోంది. పెద్దాయన నా భుజం తట్టాడు.

సోమవారం ఎవరూ పిలవలేదు. మంగళవారం పిలవలేదు. బుధవారం మామి ఫ్లాస్కు మూత తీస్తుంటే నేను అద్దంలోంచి లేచి నిలబడ్డాను. ఆవిడ తనే తాగి మూత పెట్టేసింది. ఆవిడ తప్పేం లేదు, అవసరం తీరిపోయింది. రెండు వారాలు అలా గడిచాయి. మూడో వారం సోమవారం, అందరూ భోజనానికి వెళ్ళాక, అక్క మిషన్ ముందు కూర్చుని, ఆ జాబితాలో మంగళవారం తోక వెతికి, "తీసెయ్" అన్న బొత్తాం నొక్కాను. దొంగతనం చేసినవాడికైనా చేతిలో ఏదో ఒక వస్తువు మిగులుతుంది, నాకు అదీ లేదు.

మర్నాడు పదకొండింటికి అక్క తట్టింది. "నాయనా, మంగళవారంవి తెరుచుకోవడం లేదు, వచ్చి చూడబ్బా." నేను మహా వైద్యుడిలా వెళ్ళి, స్టూలు లాక్కుని, రెండు నిమిషాల పనిని ముప్పావుగంట చేశాను. ఆ ముప్పావుగంటలో ఆవిడ వాళ్ళ నాయనమ్మ హార్బరు నుంచి వచ్చే తోపుడుబళ్ళ వాళ్ళతో ఎలా పోట్లాడేదో చెప్పింది, నేను మా అమ్మ పెట్టే గోంగూర పచ్చడి గురించి చెప్పాను. ఆ రోజు గదికి వెళ్ళేటప్పుడు దారిలో ఈల వేశాను.

దొరక్కపోతే మనిషి పద్ధతిగా తయారవుతాడు. నేను టైంటేబుల్ వేసుకున్నాను. మంగళవారం అక్క, బుధవారం మామి, గురువారం మేష్టారు. శుక్రవారం ఎవరిమీద మనసు పోతే వాళ్ళు. మామి దగ్గర పది తమిళ వాక్యాలు నేర్చుకున్నాను. భార్య పోయినప్పటినుంచీ వంట ఎలా నేర్చుకున్నాడో మేష్టారు కూరల వారీగా చెప్పాడు. ఇలా నెలన్నర సాగింది.

ఒక మంగళవారం మిక్సీల కంపెనీ మనిషి వచ్చాడు. కాగితంలో ఒక హెచ్చరిక తప్పుపడిందట, అప్పటికప్పుడు మార్చి ఇస్తే అచ్చుకి పంపుతాడట. పెద్దాయన అతణ్ణి వెంటబెట్టుకుని అక్క బల్ల దగ్గరికి వచ్చి, తనే ఉత్సాహంగా మౌస్ పట్టుకుని ఫైలు నొక్కాడు. ఏ ప్రోగ్రాంతో తెరవమంటారని కిటికీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వచ్చింది. మంగళవారమైతే ఈ మిషన్ ఇంతేనని అక్క మెల్లిగా అంది. తనది బుధవారమని మామి అంది. నాది గురువారం అని మేష్టారు పక్క బల్లనించి పలికాడు. పెద్దాయన మౌస్ వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. వారం చూసుకుని చెడిపోయే మిషన్ని తానెక్కడా వినలేదన్నాడు. అమ్మినవాళ్ళ ఇంజనీర్ని ఇప్పుడే పిలిపిస్తానని, తప్పు మిషన్‌దైతే అన్నీ వాపసు చేస్తానని, మనిషిదైతే ఆ మనిషిని పంపించేస్తానని అన్నాడు. ఆ మాట అంటూ అద్దం వైపు చూశాడు. తలుపు తీసుకుని సగం బయటికి వచ్చిన నేను, చెప్పులు వేసుకోవాలా వద్దా తెలీక గుమ్మంలోనే ఉండిపోయాను. రేపల్లె బస్సు, మా నాన్న ముఖం, రెండూ ఒకేసారి కనిపించాయి.

అప్పుడు అక్క తన కుర్చీ ముందుకి జరుపుకుని, "ఉండండి సార్, నిన్న నేనే తెలీక ఏదో ఒత్తేస్తిని" అంది. పైన మెనూ తెరిచింది. ఆప్షన్స్, ఫైల్ టైప్స్, కొత్త తోక. ఒక్కచోట కూడా ఆగలేదు, ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నిమిషం తిరక్కుండా మిక్సీ కాగితం తెర మీద పరుచుకుంది. మామికీ మేష్టారికీ తనే చూపిస్తానని, వాళ్ళవి ఇక చెడిపోవనీ పెద్దాయనకి చెప్పింది. కంపెనీ మనిషి తన హెచ్చరిక దిద్దించుకుని వెళ్ళిపోయాడు. ఇంజనీర్ సంగతి అందరూ మరిచిపోయారు.

భోజనాల వేళ అందరూ వెళ్ళాక ఆవిడే అద్దాల గదికి వచ్చింది, చెప్పులు విడిచి. ఎప్పటినుంచి తెలుసక్కా అని అడిగాను, తలెత్తకుండా. మొదటి రెండుసార్లు చూసేసరికే నేర్చుకుందట, నోటుబుక్కులో రాసుకుందట. మూడోసారి చెడినప్పుడే ఎవరు చెడగొడుతున్నారో తెలిసిపోయిందట.

"మరి వారం వారం నన్నెందుకు పిలిచారు?"

ఆవిడ గది తలుపు దగ్గరగా వేసింది. "మా ఇంట్లో పిలకాయలంతా అరవమే మాట్లాడతారు. మా ఆయన కూడా దానికే అలవాటు పడిపోయినాడు. పొద్దస్తమానం ఈడ తెలుగు రాస్తా ఉండా, మాట్లాడేదానికి మనిషి లేడు" అంది. తర్వాత, కోప్పడ్డట్టుగా, "మాట్లాడాలంటే వచ్చి మాట్లాడు నాయనా. దానికి మిషన్ని చెడగొట్టేదెందుకు?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

విన్నంత తేలిక కాదది. మర్నాడు ఒక్క ఫైలూ చెడిపోలేదు. నేను పదకొండింటికి గది తలుపు తీసి, చేతిలో ఏ పనీ లేకుండా, ఆ హాలు మధ్యలోంచి నడిచి ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను. పన్నెండడుగులు ఉంటుందేమో, పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు కూడా అంత భయపడలేదు. తీరా వెళ్ళాక ఏం మాట్లాడాలో తోచలేదు. "అక్కా, మీ ఫైళ్ళన్నీ బాగున్నాయా?" అన్నాను.

ఆవిడ రాస్తున్నది ఆపి స్టూలు నా వైపు తోసింది. "అవి బాగుండాయి. నువ్వెట్లుండావు?"

ఆ ఊరికి వచ్చిన మూడు నెలల్లో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. బాగున్నానండీ అని చెప్పబోయాను, గొంతు బొంగురుపోయింది. రెండుసార్లు దగ్గినా కుదరలేదు. ఎదురు బల్ల నుంచి మామి ఏమీ చూడనట్టే ఫ్లాస్కు మూత తీసి, కాఫీ నా ముందు పెట్టి వెళ్ళింది. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాణ్ణి వెక్కిరించాలనీ ఉంటుంది, వెళ్ళి వాడి పక్కన కాసేపు కూర్చోవాలనీ ఉంటుంది.