ఉప ఎన్నికకు నంగలి దాకా

నేను పుట్టిన ఊరి ఎమ్మెల్యే సీటు మధ్యలోనే ఖాళీ అయి ఉప ఎన్నిక వచ్చిందని తెలిసినప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషపడింది బహుశా నేనే. నేను ఏ పార్టీ మనిషినీ కాను. ఊరికి వెళ్లడానికి నాకు ఎన్నికలు తప్ప ఇంకో సాకు లేదు.

మాది ఆంధ్రా సరిహద్దుకు కన్నడ రాష్ట్రం వైపున, నంగలి దగ్గర ఒక పల్లె. నేను కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుల ఇంటి అబ్బాయి ఆంటొనీని పెళ్లి చేసుకున్నాను. చర్చిలో జరిగిన ఆ పెళ్లికి మావాళ్లెవరూ రాలేదు. అమ్మా నాన్నా అప్పటికే పోయారు. తమ్ముడు మునిరాజు "ఇంగ నాకు అక్క లేదు" అని నలుగురిలో అనేశాడు. నా ఓటు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. కేజీఎఫ్‌కు మార్చుకోమని ఆంటొనీ ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు. ఏ ఎన్నికలొచ్చినా వెళ్తాను, బడిలో ఓటు వేస్తాను, ఇంటి దిక్కు చూడకుండా బస్సెక్కుతాను. వరుసలో నేను కనపడితే తమ్ముడు తల తిప్పుకునేవాడు.

పోలింగు రోజు పొద్దున ఏడింటికి కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో ముళబాగిలు బస్సెక్కాను. సర్కారు బస్సు కాబట్టి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. పక్క సీట్లో బేతమంగళలో దిగే ఒక పెద్దామె, ఒళ్లో చామంతి పూల గంప.

"యాడికి పోతావమ్మా?" అంది. చెప్పాను.

"మీకు ఎలక్షనంట గదా. మాకూ వచ్చుంటే ఈ రోడ్డన్నా బాగుపడుండును!" అంది. బస్సు అప్పుడే ఒక గుంతలో పడి లేచింది.

ముళబాగిల్లో దిగేసరికి ఎనిమిదిన్నర. చాలా బస్సులు ఎన్నికల డ్యూటీకి పోయాయని, నంగలి వైపు బస్సు ఎప్పుడొస్తుందో తెలియదని కంట్రోలరు చెప్పాడు. ఊరి పేరు మీద ప్రసిద్ధమైన దోసె ఒకటి తిని, కాఫీ తాగి, బస్టాండులోనే కూర్చున్నాను. మీరు ఎన్నికల రోజు ఇటు రాదలిస్తే చేతిలో రెండు గంటలు అదనంగా పెట్టుకోండి.

చివరికి దొరికిన బస్సులో బెంగళూరు దారిలోని నరసాపురం మోటారుసైకిళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రవాడొకడు నిలబడే కునుకు తీస్తున్నాడు. సీటు చూపించి కూర్చోమంటే వద్దన్నాడు. "రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినానక్కా. కూర్చుంటే నిద్రపోతా, ఆంధ్రాలో లేస్తా" అన్నాడు. బస్సంతా నవ్వింది. నంగలిలో దిగి షేరు ఆటోలో మా ఊరు చేరేటప్పటికి పదకొండు దాటింది.

బడి దగ్గర వరుస పెద్దదేమీ కాదు. లోపలికి వెళ్లాక గానీ తెలియలేదు, పార్టీల ఏజెంట్ల బెంచీ మీద మా తమ్ముడు కూర్చున్నాడని. ఇంతకు ముందెప్పుడూ వాడు ఏజెంటుగా లేడు. నన్ను చూసి చేతిలోని కాగితాల్లోకి తల దించుకున్నాడు.

కార్డు ఇచ్చాను. అందులోని ఫోటో పెళ్లికి ముందుది. అప్పుడు పొడుగాటి జడ, ముఖాన బొట్టు. ఇప్పుడు మెడ దాకా జుట్టు, కళ్లద్దాలు. ఇంకో పార్టీ ఏజెంటు, ఈమధ్యే ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాడట, లేచి నిలబడ్డాడు.

"ఈయమ్మని నేను ఎప్పుడూ చూళ్లేదు సార్. రత్నమ్మ పేరు మీద ఇంగెవురో వచ్చినారు" అని రెండు రూపాయలు బల్ల మీద పెట్టి అభ్యంతరం చెప్పాడు.

రెండు రూపాయలు కట్టి ఏ ఏజెంటైనా ఓటరును కాదనవచ్చట, రూలు అదేనట. ప్రిసైడింగ్ ఆఫీసరు నన్ను పక్కకు నిలబెట్టి, ఇతరుల పేరుతో ఓటు వేస్తే పోలీసులకు అప్పగిస్తానని కన్నడంలో హెచ్చరించాడు. నాన్న పేరడిగాడు, ఇంటి పేరడిగాడు. చెప్పాను. తలుపు దగ్గర కానిస్టేబులు నా వైపే చూస్తున్నాడు. నేను పుట్టిన ఊళ్లో నేను నేనే అని రుజువు చేసుకోవాల్సి రావడం కన్నా, దాన్ని తమ్ముడు చూస్తూ కూర్చోవడం నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"ఈమె ఎవరో మీలో ఎవరికైనా తెలుసా?" అని ఆఫీసరు బెంచీ వైపు తిరిగాడు.

మునిరాజు లేచాడు.

"మా అక్క సార్" అన్నాడు.

"సొంత అక్కా?"

"ఒక కడుపున పుట్టినాం."

"అట్లయితే ముందే చెప్పకూడదా అప్పా!" అన్నాడు అభ్యంతరం చెప్పినవాడు. మునిరాజు కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. ఆఫీసరు ఆ రెండు రూపాయలు సర్కారుకు జమ అని సొరుగులో వేసి నా వేలికి సిరా పెట్టించాడు. మీట నొక్కాను. వేసింది మాత్రం తమ్ముడి పార్టీకి కాదు.

రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. ఒంటిగంట దాటినా బస్సు లేదు. బెంచీ మీద వేరేవాణ్ని కూర్చోబెట్టి వచ్చాడేమో, మునిరాజు బండి తెచ్చి నా ముందు ఆపాడు. బండి దిగలేదు.

"బస్సులు లేవు. ముళబాగిలు దాకా దింపుతా, కూర్చో."

కూర్చున్నాను. హైవే మీద లారీల హోరులో మాటలు సాగలేదు. ఒకచోట "ఈతూరి మా పార్టీకి కష్టమే" అన్నాడు. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ముళబాగిలు బస్టాండు ముందు దిగాక, బండి తిప్పుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"బావ బాగుండాడా?"

"బాగుండాడు" అన్నాను. వాడు వెళ్లిపోయాడు.

కేజీఎఫ్ బస్సు నాలుగున్నరకు దొరికింది. కిటికీ పక్క సీటు. ఈ దారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయి. ముళబాగిలు నుంచి కురుడుమలె వినాయకుడి గుడి దగ్గరే, వెళ్లండి. నేను ఇన్నేళ్లలో వెళ్లలేదు, వచ్చిన పని చేసుకుని పారిపోయినట్టు తిరిగేదాన్ని. ఈసారి తిరుగు దారిలో మొదటిసారి తోటలను, పట్టుపురుగుల షెడ్లను తీరిగ్గా చూశాను.

బేతమంగళ దాటాక ఆంటొనీకి ఫోను చేశాను. బెంగళూరులో పని ముగించుకుని అప్పుడే రైలెక్కాడు.

"మునిరాజు నిన్ను బావ అన్నాడు" అని చెప్పాను.

"వినపడలేదు, ఇంగొకతూరి చెప్పు" అన్నాడు.

రైలింకా కదల్లేదు. ఫోనులో ఏ రొదా లేదు, మొదటిసారే వినపడి ఉంటుంది. మళ్లీ చెప్పాను.