టమోటా ధరలకు నేను రాసిచ్చిన ఆరు వరసలు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. మా ఇంట్లో బల్లి కనబడితే, నేను వీధి చివరికి వెళ్లి చెప్పేసరికి అది ఉడుమైపోతుంది. కాబట్టి కింద రాసిన దాంట్లో కొంత తరుగు తీసి చదువుకోండి, మండీలో కాయలకు తీసినట్టు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మదనపల్లెలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. ఆర్ అనే సాఫ్టువేరు అప్పుడే నా కంటబడింది. లెక్కలు చేస్తుంది, పటాలు గీస్తుంది, డబ్బు అడగదు. ఇంటర్నెట్ సెంటరులో దాన్ని దించుకోవడానికి నేను కూర్చున్నప్పుడు నారు పోసిన టమోటా, నేను లేచేసరికి కోతకొచ్చింది. వాడటం నేర్చుకోవడానికి ఇంకో రెండు పంటలు పట్టింది.

నేర్చుకున్నది దాచుకునే గుణం నాకు లేదు. పనికొచ్చే కోడు ముక్కలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచాను. పట్టికను లోపలికి తెచ్చే ముక్క, సగటు తీసే ముక్క, గీత గీసే ముక్క. ఫ్లాపీలో ఎక్కించి ఇచ్చాను, సీడీలో రాసిచ్చాను, పుంగనూరు బస్టాండు పక్కన జెరాక్సు తీయించి కదులుతున్న బస్సు కిటికీలోంచి అందించాను. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ లెక్చరరు జేబు తడిమినా నా ముక్క ఒకటి దొరికేది. పెళ్లిళ్లలో తాంబూలంతో పాటు నా కాగితం కూడా చేతిలో పెట్టేవాణ్ణని మా ఆవిడ అంటుంది. నాతో కాపురం చేసి ఆమెకూ పెంచి చెప్పడం అలవాటైంది.

అన్నిట్లోకీ నేను మురిసిపోయినది ఆరు వరసల ముక్క. అది పట్టికను చదివి, లెక్క వేసి, వచ్చిన అంకెను తీసుకెళ్లి థీసిస్ వాక్యంలో తానే కూర్చోబెడుతుంది. పట్టిక మారితే వాక్యంలోని అంకె కూడా దానంతటదే మారుతుంది. మనిషి చెయ్యి తగలదు. చెయ్యి తగలకపోతే తప్పు జరగదని ఊరూరా చెప్పుకు తిరిగాను.

ఆ ముక్క కోసమే వచ్చింది ఆ అమ్మాయి. సదుం దగ్గర టమోటా పండించే ఇంటి పిల్ల, కుప్పంలో పరిశోధన చేస్తోంది. మదనపల్లె మార్కెట్ యార్డుకు వచ్చే కాయ ఎంత, పలికే ధర ఎంత, ఈ రెంటికీ సంబంధం ఏమిటన్నది ఆమె విషయం. అప్పటికే గడువు రెండుసార్లు పొడిగించారు. ఇంకో నాలుగు నెలల్లో థీసిస్ ఇవ్వకపోతే ఆరేళ్ల చదువు రద్దు.

ధరలను ఆమె ఒక మండీ గుమాస్తా పాత పుస్తకాల్లోంచి ఎక్కించుకుంది. ఆయనకొక పద్ధతి ఉండేది. వేలం జరగని రోజు ధర గడిని ఖాళీగా వదలడు, ‘లేదు’ అని కూడా రాయడు. ఆయన దృష్టిలో రెండూ అశుభమే. ‘శ్రీ’ అని రాస్తాడు. ఎందుకని ఈ పిల్ల అడిగితే, “ఖాళీగా ఇడిస్తే లక్ష్మి యాడ కూసుంటాదమ్మా” అన్నాడట. ఆమె కూడా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఆ గడుల్లో శ్రీ అనే టైపు చేసుకుంది.

నా ఆరు వరసలు ఆ పట్టికను మింగి ఫలితం చెప్పాయి. కాయ ఎక్కువగా వచ్చిన రోజుల్లో ధర కూడా ఎక్కువగా ఉందట. లోకంలో ఎక్కడా లేని వింత మన యార్డులో దొరికిందని నేను పొంగిపోయాను. ఆమె గైడు నాకంటే ఎక్కువ పొంగిపోయాడు. ఆ వింత చుట్టూ అధ్యాయాలు లేచాయి.

ఒక ఆదివారం ఆమె మళ్లీ వచ్చింది.

“సార్, మా నాయనకు చెప్తే నవ్వినాడు. ‘కాయ ఎక్కువైన పొద్దు నేను బాక్సులు రోడ్డు పక్కన గుమ్మరించి వచ్చినా గదమ్మా. నాకు తెలీకుండా ధర యాడ పెరిగింది’ అంటాండాడు.”

“మీ నాయనకు నష్టపోయిన రోజులే గుర్తుంటాయమ్మా. కంప్యూటరుకు అన్ని రోజులూ గుర్తుంటాయి.”

“ఒక్కసారి సూడండి సార్. నాకు బయంగా ఉండాది.”

“ఆ ముక్కను వెయ్యిమంది వాడుతున్నారు.”

నిజానికి పదకొండు మంది.

“అట్లయితే సరే సార్” అని వెళ్లిపోయింది.

థీసిస్ ఇచ్చే ముందు అందరి ఎదుటా ఒక సెమినారు ఉంటుంది. నా ముక్కను పొగుడుతుంటే వినాలని ఇస్త్రీ చొక్కా వేసుకుని కుప్పం వెళ్లి, చివరి వరసలో కూర్చున్నాను. బయటినుంచి వచ్చిన ఒక పెద్దాయన గుమాస్తా పుస్తకాలు తెప్పించుకుని తిప్పాడు.

“ఈ పొద్దు వేలమే లేదు గదమ్మా, శ్రీ అని రాసుండాది. నీ థీసిస్ పట్టికలో ఈ పొద్దే అన్నిటికన్నా పెద్ద అంకె. యాడినుంచి తెచ్చినావు?”

“నేను ఉండేదే ఎక్కించినా సార్.”

“పుస్తకంలో లేదే మరి.”

ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పుడు తట్టింది. అంకెల నిలువు వరసలో ఒక్క మాట కనబడినా, ఆనాటి ఆర్ ఆ వరస మొత్తాన్నీ మాటలుగానే తీసుకునేది. నిఘంటువులో మాదిరి వరస పేర్చి, ధరకు బదులు వరస సంఖ్య చేతిలో పెట్టేది. నిఘంటువు మొదటి అక్షరమే చూస్తుంది కాబట్టి నూటపది ముందొచ్చి చిన్న సంఖ్య తెచ్చుకుంటుంది, నలభై ఐదు వెనకొచ్చి పెద్ద సంఖ్య తెచ్చుకుంటుంది. మంచి ధర పలికిన రోజులు అడుక్కు పోయాయి, చవక రోజులు పైకెక్కాయి. అంకెల తర్వాతే అక్షరాలొస్తాయి కాబట్టి శ్రీ అన్నిటికన్నా పైన కూర్చుంది. వచ్చిన అంకెలు చూడటానికి ధరల్లాగే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నా ముక్కలో ఒక్క మాట తక్కువైంది, అంతే.

నేను లేచి నిలబడ్డాను. “ఆ కోడు నాదండీ. తప్పు నాది. ఆ అమ్మాయి ఏదీ సృష్టించలేదు” అన్నాను. “బయటివాళ్లు మాట్లాడకూడదు, కూర్చోండి” అన్నారు. అంకెలు కల్పితమని రాసుకున్నారు. గడువు వచ్చింది, పోయింది.

ఆ ముక్కను వెనక్కి తెప్పించుకోవాలని తిరిగాను. జెరాక్సుకు జెరాక్సుగా అది ఎక్కడెక్కడికో పోయింది. గంగవరంలో పరిచయం లేని ఒకాయన, “ఇది శానా పనికొస్తాది సార్, పెట్టుకోండి” అని నా కాగితమే నా చేతిలో పెట్టాడు. పెట్టుకున్నాను.

ఇక ఇందులో కల్పించింది ఏదో చెప్పాలి. టమోటా కోత, తాంబూలం ఊరికే పెంచి చెప్పినవి. కల్పించింది ఒక్కటే. కుప్పంలో నేను లేచి నిలబడలేదు. ముందు కుర్చీ వీపు పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాను. టీ ఇచ్చేటప్పుడు ఎవరి కంటా పడకుండా బస్టాండుకు నడిచాను. చెప్పి ఉంటే అధ్యాయాలు మార్చాల్సి వచ్చేది, కానీ ఆమె దొంగ లెక్కలు రాయలేదని తెలిసేది. గడువు ఇంకోసారి అడగడానికి ఆమెకు నోరుండేది.

మరుసటి ఏడాది పుంగనూరు బస్టాండులో ఆమే నన్ను పలకరించింది. అక్కడొక బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతోంది.

“నేనే యాడో తప్పు టైపు చేసుంటా సార్. ఇప్పుటికీ ఆ ఫైలు తెరిసి ఎతుకుతాండాను” అంది.

“అయ్యుంటుందిలేమ్మా” అన్నాను.