మేకుకు వేలాడిన జంధ్యం

జంధ్యం తీసేయడం తేలికే. చెవి ఒప్పుకోవాలిగా!

మా ఇంట్లో మగవాళ్ళు మూత్రానికి వెళ్ళేటప్పుడు జంధ్యాన్ని కుడిచెవికి చుట్టుకోవాలి. ఎనిమిదో ఏట ఒడుగు చేసినప్పటి నుంచి పదిహేడేళ్ళు చుట్టాను. అది తీసేసి అడవిలోని ఆశ్రమ పాఠశాలకు టీచరుగా వెళ్ళాక కూడా, పొద దగ్గర కూర్చోగానే నా చెయ్యి బుద్ధిగా చెవి దగ్గరికి పోయేది. చుట్టడానికి ఏమీ ఉండదు. ఒట్టి చెవి పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ ఊరివాడే అయిన మా తోటి టీచరు రెండు వారాలు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

“ఏంది సారూ, చెవుల పురుగు గిట్ల పోయిందా?”

సంగతి చెప్పాను. పడీపడీ నవ్వాడు. “పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోని గాని పోదంటరు,” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నా చెయ్యి మీద నాకే ఒళ్ళు మండింది.

నేనేమీ ఫ్యాషనుకు తీయలేదు. భద్రాచలంలో మా ఇల్లు మెరక మీద ఉండేది. గోదావరి పొంగినప్పుడు పల్లపు వీధులవాళ్ళు మా అరుగు మీదికి చేరారు. జల్లు కొడుతుంటే ఒక బాలింత పసిగుడ్డుతో గడప దాటి లోపల నిలబడింది. మా నాన్న ఆమెను ఒక్క మాట అనలేదు. బిందెడు నీళ్ళలో పసుపు కలిపి, ఆమె కాళ్ళ చుట్టూ నేల కడగడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది. మూడు పూటలా సంధ్య వార్చే మనిషి ఆయన. నేను ఒక్క పూట తప్పితే అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. ఆ సాయంత్రమే జంధ్యం తీశాను. గోదావరిలో వదిలితే దానికి మర్యాద చేసినట్టవుతుందని, దేవుడి గదిలో మేకుకు తగిలించి వచ్చేశాను.

కొన్నాళ్ళకు నాన్న కబురు పంపాడు. “ఆ మేకుకే ఉన్నది. మెడల ఏసుకుంటనే ఇంట్ల భోజనం. లేకుంటే అరుగు మీదనే.”

నాకు ఆయన ఇల్లు అక్కర్లేదు. అమ్మ కలిపి పెడితే ఒక్క పూట తినాలని ఉండేది. అంతే.

“దారమే కద సారూ,” అన్నాడు తోటి టీచరు. “ఒక్క పూట ఏసుకోని అమ్మ చేతి బువ్వ తినొస్తే ఏం పోతది?”

“ఒట్టి దారమే అయితే, ఆయన్నే వదిలెయ్యమను,” అన్నాను.

వెళ్ళి అరుగు మీదే కూర్చున్నాను. అమ్మ మడిచీరతో వచ్చి, నాకు తగలకుండా పైనుంచి విస్తరిలో అన్నం వేసింది. ఆకలి మీదున్నాను. నా ప్రమేయం లేకుండానే కుడిచేతిలోకి నీళ్ళు పోసుకుని విస్తరి చుట్టూ తిప్పాను. సంధ్య వార్చే ఇళ్ళలో ముద్ద ముట్టే ముందు చేసే పని అది.

లోపలి నుంచి నాన్న గొంతు వినపడింది. “చూసినవా? ఎక్కడికి పోతడు!”

సిగ్గుతో చచ్చిపోయాను. విస్తరి చుట్టూ ఉన్న తడిని అరచేత్తో తుడిచేసి తిన్నాను. వచ్చేటప్పుడు అమ్మ ఆగలేక నా తల నిమిరింది. నిమిరి, మైల పడ్డానని నేరుగా బావి దగ్గరికి పోయింది. చేద నీళ్ళలో పడిన చప్పుడు వీధిలోకి వినిపించింది. బస్సులో అశ్వారావుపేట దాకా ఏడ్చాను. ఏడాదైనా నా చేతికి ఇంకా ఆయనే యజమాని అని ఏడ్చాను. అమ్మ నన్ను కడిగేసుకుందని ఏడ్చాను.

తర్వాత పట్టుపట్టాను. హాస్టల్లో పిల్లల పంక్తిలో కూర్చుని, కంచం రాగానే చెయ్యి నేరుగా అన్నంలో పెట్టడం సాధన చేశాను. పాతికేళ్ళవాడు అన్నం తినడం నేర్చుకున్నాడంటే నవ్వుకోండి, నాకేం. మూడు నెలలు పట్టింది. చెవికి ఇంకో నెల.

మళ్ళీ రోహిణి కార్తెలో వెళ్ళాను. రోళ్ళు పగిలే ఎండ. అరుగు కాలుతున్నా అక్కడే కూర్చున్నాను. ఈసారి నాన్న గడపలోనే నిలబడ్డాడు. అమ్మ వడ్డించింది. పక్కన చెంబు నిండా నీళ్ళు. చెంబు వైపు చూడకుండా అన్నంలో చెయ్యి పెట్టాను.

నాన్న ముఖం మాడిపోయింది. అమ్మ నా చేతి వంక కాసేపు చూసింది. గిన్నె కింద పెట్టి, నా పక్కన చతికిలబడి, పప్పన్నం కలిపి ఒక ముద్ద నా చేతిలో పెట్టింది.

“మైల పడ్డవు,” అన్నాడు నాన్న. “లేచి పోయి స్నానం చెయ్యి.”

అమ్మ తలెత్తలేదు.

“బావిల నీళ్ళు చల్లగున్నయి. నాతోని కాదు,” అని రెండో ముద్ద కలిపింది.