మా అవ్వ మొలకల తొక్కు

ఆ ఆఫీసరమ్మ మీద కోపం నాకు ఇంకా పోలేదు. ఇన్నేండ్లాయె, ఆమె ఉన్నదో పోయిందో కూడా తెల్వదు. పోయినా సరే, నా కోపం నా దగ్గర్నే ఉన్నది. ఎందుకో చెప్త.

మాది బోధన్‌కు దగ్గర ఊరు. చెరుకు, వరి. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, మంజీర అవతలి పిల్ల. అటుదిక్కు మరాఠీ ఇండ్లల్ల పెసర్లు మొలకెత్తిచ్చి ఉసల్ అని కూర వండుతరు. పెండ్లయి మా ఊరికొచ్చినంక కూడా అవ్వ అదే వండేది. ఒక ఎండకాలం ఎద్దు తల ఇసిరితే మా నాయనకు, బాపు అంటం, ముందటి పండ్లు నాలుగు ఊడినయి. గింజ నమలరాక బాపు గిన్నె పక్కకు జరిపేటోడు. అవ్వ రెండు దినాలు చూసింది. మూడోనాడు మొలకలు తీస్కపోయి రోట్ల వేసింది. గట్ల పుట్టింది ఆ తొక్కు. మొలకలు వాళ్ల దిక్కువి, రోలు మా దిక్కుది, ఆలోచన ఒక్క మా అవ్వది.

ఆమె చేసే తీరు ఇప్పటికీ కండ్ల ముందటుంటది. పొద్దుగాల పెసర్లు నానపోసి, మాపటికి నీళ్లు వంపి, తడిపిన పాత ధోతిగుడ్డల మూటగట్టి కొయ్యకు తగిలిచ్చేది. తెల్లారితే గుడ్డల్నుంచి తెల్లటి మొనలు బయటికి పొడుచుకొచ్చేటియి. మొలక గోరంత ఉండాలె, దాటొద్దు. పెంక మీద ఇంత నూనె వేసి, పచ్చిమిరపకాయలు మగ్గినంక మొలకలు వేసి, పచ్చివాసన పోంగనే దించాలె. ఉప్పు, చింతపండు, జీలకర్ర, ఎల్లిపాయలు, ఏంచిన నువ్వులు. నూరుడు మెత్తగ కాదు, పలుకుపలుకుగ. ఆఖర్న ఉల్లిగడ్డ వేసి ఒక్క దెబ్బ. జొన్నరొట్టెల పెట్టుకుంటే ఇంక కూర అక్కర్లేదు. కాలువ కింద భూమి కొనుక్కొని గుంటూరు దిక్కునుంచి వచ్చిన పక్క చేనామె కూడా గిన్నె పట్టుకొని వచ్చేది. "వదినా, తొక్కుందా?" అని అడిగేది. ఆమె నోట్ల ఆ మాట ఎన్నడూ ఎబ్బెట్టుగ లేకుండె.

నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు ఆ ఆఫీసరమ్మ జీపుల మా ఊరికొచ్చింది. ఆడోళ్లకు బలమైన తిండి వండుడు నేర్పే ఉద్యోగం ఆమెది. మధ్యాహ్నం మా ఇంట్ల రొట్టె తిన్నది. తొక్కు మూడుసార్లు పెట్టిచ్చుకున్నది. తిన్నంక నన్ను పిలిచి, "మీ అమ్మ ఎలా చేస్తుందో చెప్పమను, నువ్వు రాయి" అన్నది. అవ్వ చెప్పింది, నేను నోట్‌బుక్కుల రాసిన. ఆఫీసరమ్మ చూసి నా పెన్సిల్ గుంజుకున్నది.

"తొక్కేంటి, అసహ్యంగా? తొక్క అరటిపండుకుంటుంది. పచ్చడి అని రాయి."

కొట్టేసి తనే రాసింది. అవ్వకు చదువు రాదు. "ఏమన్నదే?" అని నన్ను అడిగింది. "ఏం లేదే" అన్న.

నెల తిరిగేసరికి నిజామాబాద్‌ల బలమైన వంటల పోటీ అని కబురొచ్చింది. తొక్కు చేసుకొని రమ్మన్నరు. అవ్వ కోడికూతకే లేచి నూరింది, రొట్టెలు కాల్చింది, పెండ్లినాటి చీర కట్టింది. బస్సుల తొక్కు నింపిన మట్టి గురుగును ఒడిల్నుంచి దించలేదు. ఆడికి పోంగనే ఆఫీసరమ్మ గురుగు అందుకొని, తొక్కంత పింగాణీ గిన్నెలకు వంపి, పైన కొత్తిమీర చల్లింది. "నువ్వు వెనకాల కూర్చోమ్మా" అని అవ్వను ఊర్లనుంచి వచ్చిన ఆడోళ్లతోని కింద కూర్చోబెట్టింది. నన్ను మాత్రం గిన్నె పక్కన నిలబెట్టింది. నా గొంతు బాగుంటదట, పేరు, దినుసులు రాసిన కాగితం నేను చదవాల్నట.

చదివిన. "మొలకెత్తిన పెసల పచ్చడి" అని బడి తెలుగుల, అక్షరం తప్పకుంట చదివిన. మెప్పు వస్తదని ఇంత గర్వం కూడా ఉండె నాకు.

బహుమానం ఇయ్యనీకి వచ్చిన ఒక పెద్దమనిషి భార్య రుచి చూసి, "చాలా బాగుంది, ఎవరు చేశారు?" అని అడిగింది.

"నేనేనండి. ఇది నా సొంత ప్రయోగం. ఈ పల్లెటూరివాళ్లకేం తెలుసు? గింజ మొలకొస్తే పారబోస్తారు" అన్నది ఆఫీసరమ్మ.

నేను తల వంచి కాగితం దిక్కే చూసిన.

"ఎన్ని రోజులు మూటకట్టాలి?" అని ఆ పెద్దామె మళ్లా అడిగింది.

ఆఫీసరమ్మ తడుముకోకుంట, "మూడు రోజులండి" అన్నది.

ఎనకనుంచి అవ్వ లేచి నిలబడ్డది. "మూడు దినాలు కడితే మురిగి కంపు గొడ్తది. గొడ్డు సుత ముట్టది. ఒక్క రాత్రి చాలు. గది నేను చేసిన తొక్కు."

ముందు కుర్చీలల్ల నవ్విన్రు. ఆ మాటకు కాదు, ఆ యాసకు. "కూర్చోమ్మా, నీకు అర్థం కాదు" అన్నది ఆఫీసరమ్మ. ఆ పెద్దామె నా దిక్కు చూసింది. అడిగితే చెప్తుంటినేమో. అడగలేదు, నేనూ చెప్పలేదు. బహుమానం ఆఫీసరమ్మకే ఇచ్చిన్రు.

అప్పుడు అవ్వ ముందుకొచ్చింది. ఎవ్వరినీ అడగలేదు. పింగాణీ గిన్నె తీసుకొని ఎనకకు పోయి, కింద కూసున్న ఆడోళ్లందరికీ రొట్టె తుంచి తొక్కు పెట్టింది. గిన్నె తుడిచినట్టయింది. తెచ్చి బల్లమీద బోర్లేసి, నా చెయ్యి పట్టుకొని బయటికి నడిచింది.

అంతటితోని అయిపోతే బాగుండు. కొన్నాళ్లకు ఊరూర ఆ వంట అచ్చేసిన కాగితాలు పంచిన్రు. పైన ఆఫీసరమ్మ పేరు, లోపల "మూడు రోజులు" అని అచ్చు. మా ఊరి ఆడోళ్లు చదివిచ్చుకొని అట్లనే చేసిన్రు. మొలకలు జిగటపట్టి కుళ్లినయి. ఒకామె పిల్లకు కడుపుల నొప్పి లేచింది. తిట్లు ఎవరికి? మా అవ్వకు. "నీ తొక్కు పాడుగాను" అని వాకిట్లకొచ్చి అన్నరు. అవ్వ తడిగుడ్డ భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగి, మూట ఎట్ల కట్టాల్నో, ఎప్పుడు ఇప్పాల్నో చూపిచ్చి వచ్చింది. చేయని తప్పుకు!

ఆ ఏడే జీపు మళ్లా వచ్చింది. బాపు ఉరికిపోయి మంచం వాల్చి దుప్పటి పరిచిండు. ఆఫీసరమ్మ కూసొని నవ్వుకుంట, "ఇంకేమైనా కొత్త వంటలుంటే చెప్పమ్మా" అన్నది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా అవ్వది దొంగతనం జేసి పేరు తెచ్చుకున్నవు. అది గూడ తప్పు రాసినవు. ఇంకేం కావాలె నీకు?" అని ఒర్లిన. బాపు చెయ్యెత్తిండు. అవ్వ నడుమ నిలబడ్డది.

"పిల్లకి మర్యాద నేర్పండి" అని ఆఫీసరమ్మ లేచిపోయింది. బాపు జీపు ఎనక దండం పెట్టుకుంట పోయిండు. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ నా పండ్లు కొరుక్కుంట.

అవ్వ మెచ్చుకుంటదనుకున్న. ఆమె దుప్పటి దులిపి మడిచి, "ఆడ చెప్పాల్సింది బిడ్డా, ఈడ గాదు" అన్నది.

నిజమే. అందుకే ఆ కోపంల సగం నా మీదనే.