కాటుక పూసిన బిళ్ళ

ఇవాళ దుర్భిణి తుడుద్దామని పాత డబ్బా తెరిస్తే, నాలుగేళ్ల కిందట పనికిరాదని పక్కన పడేసిన అట్ట బిళ్ళ ఒకటి బయటపడింది. అరచేతి కన్నా చిన్నది, నడుమ గుండ్రటి కన్నం, మీద మా అక్క పూసిన కాటుక.

కాలేజీ సెలవులకు నరసరావుపేట వచ్చి ఆ దుర్భిణి చేశాను. రెండంగుళాల కటకం, కంటి దగ్గరికి ఇంకో చిన్న కటకం, యుద్ధం వల్ల రేకు దొరక్క కిరసనాయిలు డబ్బా కోసి చుట్టిన గొట్టం. అన్నీ కుదిరాయి గాని చంద్రుడు మాత్రం పాలలో ముంచినట్టు మసకగా కనిపించాడు. పక్కనుంచి వచ్చే వెలుతురు గొట్టం గోడలకు తగిలి లోపలికి చిందుతోంది. దాన్ని ఆపాలంటే లోపల ఐదు బిళ్ళలు అడ్డం పెట్టాలి, కన్నాలు వరసగా చిన్నవవుతూ రావాలి, అన్నీ నల్లగా ఉండాలి. కొలతలు కాగితం మీద రాసుకున్నాను. నలుపు పని అక్క తీసుకుంది. క్షయతో పుట్టింటికి వచ్చి, పెరట్లో నులక మంచం మీదే ఉండేది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టింది. అలవాటు కొద్దీ రెండు చుక్కల ఆముదం వేసి మెదిపి, పసిపిల్ల కళ్ళకు పెట్టినంత శ్రద్ధగా ఐదింటికీ పూసింది.

"కాటుక పెట్టాగదరా, ఇంక నీ దుర్భిణికి దిష్టి తగల్దు" అంది.

నూనె నలుపు మెరుస్తుంది. మెరిసే నలుపు వెలుతురును ఆపదు. ఆ సంగతి ఆమెకు పాఠంలా చెప్పి, మళ్ళీ ఐదు బిళ్ళలు కోయడానికి కూర్చున్నాను. ఈసారి మసిని గంజిలో కలపాలి. ఆ రోజు తదియ. సాయంత్రం నెలవంక దిగుతుంటే అక్క పిలిచింది.

"ఒరేయ్, మసకగా ఉన్నా పర్లేదురా. కోటప్పకొండ ఎక్కుతానన్న మొక్కు ఎట్టాగూ తీరలా. చంద్రుడి మీది కొండలన్నా ఒక్కసారి చూపించు."

"నాలుగు రోజులు ఆగక్కా. సప్తమికి చానా బాగా కనపడతయ్."

"నీ లెక్కలు నీవి" అని నవ్వి, అటు తిరిగి పడుకుంది.

పంచమి నాడు దగ్గులో నెత్తురు పడింది. షష్ఠి మధ్యాహ్నం పోయింది.

మైల రోజులు గడిచాక బిళ్ళలు బిగించి, మరుసటి నెల శుద్ధ సప్తమి సాయంత్రం చూశాను. కొండలు, వాటి నీడలు విడివిడిగా, లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. నా కొలతల్లో ఒక్క తప్పూ లేదు. అమ్మ వచ్చి ఏం కనపడతందని అడిగింది. ఇంకా మసకగానే ఉందని చెప్పాను.

ఇవాళ బిళ్ళను ముట్టుకుంటే వేలికి నలుపు అంటింది. ఆముదం ఇన్నేళ్లకూ ఆరలేదు. నేను ఆగమన్న నాలుగు రోజులు నావి కావు, అక్కవి. ఆమె దగ్గర ఉన్నవి మూడే.