శనివారం తెస్తానన్న పులిహోర

అమెరికాలో ఒక ఊరు ఊరంతా నా పులిహోర తిని కళ్లు తుడుచుకుంది.

ట్రాయ్ ఊరి నుంచి నేనూ మా ఆవిడా కార్లో వెళ్తూ ఆ చిన్న ఊరి లైబ్రరీ దగ్గర ఆగాం. నోటీసు బోర్డు మీద చేపను పట్టుకుని నవ్వుతున్న ముసలాయన ఫోటో, దాని కింద శనివారం చర్చి హాల్‌కి ఎవరు ఏ వంట తెస్తారో రాసే కాగితం ఉన్నాయి. కళ్లజోడు కార్లోనే ఉండిపోయింది. పైన రాసింది చదవలేక, పుట్టినరోజు కాబోలనుకుని నా పేరు, ఫోన్ నంబరు, పులిహోర అని రాసేశాను. పక్కనున్న పెద్దావిడతో, "ఆయన నూరేళ్లు చల్లగా ఉండాలమ్మా" అన్నాను నా ఇంగ్లీషులో.

ఆవిడ ఫోటో వంక చూసింది. "మా ఆయన పోయి పది రోజులైంది. అందరం కలిసి భోంచేస్తూ తలుచుకుందామని పెట్టాను. ఊళ్లో మిగిలిందే కొద్దిమంది. మీతో కలిపి నలుగురయ్యారు. తప్పకుండా వస్తారు కదూ?"

వస్తానని మాటిచ్చాను.

ఊరంతా అన్నది కాస్త ఎక్కువే. తిన్నది పదిమంది.

ఇక్కడిదాకా నేను రాసింది చదివి మా ఆవిడ కాగితం బల్ల మీద పెట్టేసింది. "పదిమందేమిటండీ? అసలు మనం వెళ్తేగా! చావు భోజనానికి పులిహోరేమిటని మీరే మానిపించారు. ఆ శనివారం సాయంత్రం ఆ పెద్దావిడ ఫోన్ చేస్తే ఎత్తింది నేను. మీకోసం చూసి చూసి, ఇప్పుడే హాల్‌కి తాళం వేశానంది."