పిడికెడు పిడికెడు మాంగనీసు

కిందటి వారం ఒక కాలేజీ కుర్రాడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "సార్, మీ పద్ధతి మా పాఠంలో ఉంది" అని నమస్కారం పెట్టాడు. కాఫీ ఇచ్చి పంపేశాను గానీ, ఆ నమస్కారం నాకు చెల్లదు. అది చెల్లవలసింది కంబదూరు నుంచి కూలికి వచ్చిన ఒకావిడకు. మేమంతా ఆవిడను అక్కా అనే పిలిచేవాళ్ళం.

అరవైల్లో, అనంతపురానికి అవతల ఎర్రమిట్ట మీద, యురేనియం రాయిని పరీక్షించడానికి ఒక రేకుల షెడ్డు వేశారు. నేను అందులో తాత్కాలిక కెమిస్టుని. తెల్లకోటు కొత్త గనక ఆ ఎండలో కూడా విప్పేవాణ్ణి కాదు. రాతిపొడిని ఆమ్లంలో వేసి ఊరికే కలిపితే యురేనియం సరిగా కరిగి అందులోకి దిగదు. ముందు అది ఆక్సీకరణం చెందాలి. అందుకని నల్లటి మాంగనీసు పొడి కలుపుతారు. నేను పొద్దున్నే తట్టెడు పొడినీ ఒకేసారి కుమ్మరించి, పని అయిపోయిందనుకునేవాణ్ణి. తొట్టినిండా నురగ, కుళ్ళిన గుడ్ల వాసన. సాయంత్రం చూస్తే యురేనియం చాలావరకు రాతిలోనే ఉండేది. తొట్టి కలిపే అక్క కొన్ని నెలలు చూసి, ఇక ఊరుకోలేకపోయింది.

"ఏమప్పా, కరువులో బక్క ఎద్దు ముందర గడ్డిమోపంతా ఏస్తే తింటాదా? తొక్కి పాడు చేస్తాది. పిడికెడు పిడికెడు ఏసి సూడు."

"ఇది ఎద్దు కాదక్కా, కెమిస్ట్రీ" అన్నాను.

"ఎద్దయితే ఈపాటికి నిన్ను తన్నింటాది!"

నేను భోజనానికి పోయిన వేళ ఆవిడే మొదలుపెట్టింది. గాజుగ్లాసులో తొట్టిలోది కాస్త ముంచి, తేటదేరాక చూసేది. ఆకు రంగుకు తిరిగితే పొడి చాలలేదని ఇంకో పిడికెడు వేసేది. తేనె రంగులో ఉంటే చాలిందని చెయ్యి కదిపేది కాదు. ఆ వారం పరీక్షలు రెండుసార్లు చేసి చూశాను. తక్కువ పొడితోనే, ఎన్నడూ లేనంత యురేనియం దిగింది.

ఇంతలో ఆ లెక్కలు చూసి పై ఆఫీసరు వచ్చాడు. షెడ్డు మూసేస్తున్నామనీ, ఈ ఉపాయం కనిపెట్టిన మనిషిని మాత్రం కొత్త చోట పర్మనెంటుగా తీసుకుంటామనీ చెప్పి, "ఎవరిది?" అని అడిగాడు. ఆ ఏడు వాన చుక్క లేదు. అక్క ఇద్దరు పిల్లలూ ఆ షెడ్డు కూలి మీదే బతుకుతున్నారు. నాకు డిగ్రీ ఉంది, ఇంకెక్కడైనా పని దొరికేది. ఇదంతా తెలిసే, "నాదే సార్" అన్నాను.

ఆయన అక్క వైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అన్నాడు. ఆవిడ తెడ్డు పట్టుకుని నా ముఖం వంకే చూసింది. నేను గ్లాసు కడుగుతున్నట్టు తల వంచుకున్నాను.

"ఔన్సారూ. ఆయప్ప సదువుకున్నోడు గదా" అంది చివరికి.

బయట వెంటబడి "అక్కా" అన్నాను.

"ఏం చెప్పొద్దప్పా. నాదంటే ఆ సారు నమ్ముతాడా యాడన్నా? నువ్వు చెప్తే నమ్ముతాండె. చెప్తావేమోనని నీ మొగం సూసినా."

రెండేళ్ళకు ధైర్యం చేసి కంబదూరు పోతే, ఆవిడ వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. బెంగళూరుకు రాళ్ళు కొట్టడానికి పోయిందన్నారు. బెంగళూరులో ఎక్కడో ఎవరికీ తెలియదు. నేనూ వెతకలేదు. తీరిక లేదని చెప్పుకున్నాను, నాకు నేనే. ఏళ్ళకేళ్ళు ఇట్టే గడిచిపోయాయి. నేను నోరు తెరుస్తానని ఆవిడ ఎదురుచూసిన ఆ కాస్తసేపే ఇంకా గడవలేదు.